కొత్త కారుకు పాలిష్ ఎందుకు వద్దు, వ్యాక్స్ ఏది కావాలి

కొత్త కారు బుక్ చేశాక షోరూమ్ వాళ్లు చేతిలో పెట్టే కొటేషన్‌లో ఇన్సూరెన్సు, రోడ్ ట్యాక్సు, ఫ్లోర్ మ్యాట్ల తర్వాత ఇంకో లైను ఉంటుంది. ఒకచోట దాని పేరు టెఫ్లాన్ కోటింగ్, ఇంకోచోట పెయింట్ ప్రొటెక్షన్, మరోచోట సిరామిక్. పేరు ఏదైనా నోటితో చెప్పేటప్పుడు మాత్రం "పాలిష్ పెట్టించుకోండి సార్, కలర్ పోకుండా ఉంటుంది" అంటారు. చిక్కంతా ఈ మాటతోనే మొదలవుతుంది. కారును మెరిపించే ప్రతి పనికీ మన దగ్గర పాలిష్ అనే పేరు స్థిరపడిపోయింది. నిజానికి ఆ ఒక్క పేరు కింద రెండు ఎదురెదురు పనులున్నాయి. పాలిష్ పెయింటును అరగదీస్తుంది. వ్యాక్స్ పెయింటు మీద పొరగా నిలుస్తుంది. కొత్త కారులో అరగదీయాల్సింది మామూలుగా ఏమీ ఉండదు కాబట్టి మొదటిది వద్దు. రెండోది కావాలి. అయితే ఏ రకం కావాలన్నది డబ్బా మీది బొమ్మను చూసి తేల్చేది కాదు. మీ కారు రోజంతా ఎక్కడ నిలబడుతుంది, దాన్ని ఎవరు, ఏ గుడ్డతో, ఏ నీళ్లతో తుడుస్తారు అన్నదాన్ని బట్టే తేలాలి.

రేకు మీద ఎంత పెయింటు ఉంది?

ఫ్యాక్టరీలో రేకుకు ముందు ఫాస్ఫేట్ పూత వేస్తారు. తర్వాత బాడీ మొత్తాన్ని తొట్టిలో ముంచి, తుప్పు పట్టనివ్వని ఈ-కోట్‌ను కరెంటు సాయంతో పట్టిస్తారు. దాని మీద ప్రైమరు, ఆ పైన రంగు, అన్నిటికీ పైన రంగులేని క్లియర్ కోట్. ఇవన్నీ కలిపినా చాలా కార్లలో 90 నుంచి 140 మైక్రాన్లకు మించవు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మొత్తం పెయింటు రెండు వెంట్రుకల మందం. అందులో క్లియర్ కోట్ వాటా 35 నుంచి 50 మైక్రాన్లే. మనకు కనిపించే మెరుపంతా ఆ పొరదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆపి కింది రంగు వెలిసిపోకుండా చూసే రసాయనాలు కూడా అందులోనే ఉంటాయి.

పాలిష్‌లో అల్యూమినియం ఆక్సైడ్ లాంటి గట్టి పదార్థం మెత్తటి పొడిగా ఉంటుంది. గీతను అది పూడ్చదు. గీత చుట్టూ ఉన్న క్లియర్ కోట్‌ను గీత లోతు దాకా అరగదీసి సమం చేస్తుంది. మెత్తటి ఫినిషింగ్ పాలిష్ మిషన్ మీద ఒక్కసారి నడిస్తే దాదాపు ఒక మైక్రాన్ పోతుంది. ఉన్ని ప్యాడ్‌తో, రబ్బింగ్ కాంపౌండ్‌తో గట్టిగా బఫింగ్ చేస్తే దానికి కొన్ని రెట్లు పోతుంది. పోయిన మందాన్ని ఏ వ్యాక్సూ, ఏ కోటింగూ తిరిగి తేలేదు. ఏటేటా సర్వీసుతో పాటు పాలిష్ కొట్టించిన కార్లకు ఏడెనిమిదేళ్లు దాటాక బానెట్ మీద, టాపు మీద తెల్లగా పొలుసులు లేస్తే అందుకు కారణం చాలావరకు ఇదే. క్లియర్ కోట్ పలచబడి, ఎండకు తట్టుకోలేక ఊడిపోతుంది.

మరి పాలిష్ కొట్టించిన రోజు కారు అద్దంలా మెరవడం ఎలా? మెరుపు వస్తుంది, కాదనలేం. కానీ తొందరపాటు పాలిష్‌లో ఆ మెరుపులో సగం నూనెల పని. పాలిష్‌లోని నూనెలు, సిలికోన్లు సన్నటి గీతల్లోకి దిగి వాటిని కనపడకుండా చేస్తాయి. రెండు మూడు సార్లు షాంపూతో కడిగేసరికి నూనె పోతుంది, గీతలు మళ్లీ బయటపడతాయి. దాంతో యజమాని ఇంకోసారి పాలిష్‌కు పంపుతాడు, ఇంకో రెండు మైక్రాన్లు పోతాయి.

డబ్బా మీద చూడాల్సిన మాటలు

దుకాణంలో వ్యాక్స్ అని అమ్మేవన్నీ వ్యాక్సులు కావు. క్లీనర్ వ్యాక్స్, పాలిష్ అండ్ వ్యాక్స్, టూ ఇన్ వన్, గీతలు తొలగిస్తుంది, వెలిసిన రంగు తిరిగి తెస్తుంది... వీటిలో ఏ మాట కనిపించినా అందులో రాపిడి పొడి ఉన్నట్టే లెక్క. ఐదేళ్ల కారుకు అది మంచి సరుకే, పది రోజుల కారుకు మాత్రం వద్దు. అనుమానం తీరకపోతే పాత సీడీ ఒకటి తీసుకుని, దాని మెరిసే వైపు కాస్త వ్యాక్స్ వేసి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో పదిసార్లు రుద్ది, తుడిచి, లైటు కింద పెట్టి చూడండి. కొత్తగా సన్నటి గీతలు పడితే అందులో పొడి ఉంది. అదే గుడ్డతో ఏమీ వేయకుండా ఇంకోచోట రుద్ది పోల్చుకుంటే తప్పు గుడ్డదా, వ్యాక్స్‌దా అన్నది కూడా తెలిసిపోతుంది.

ఇక టెఫ్లాన్. పీటీఎఫ్‌ఈ అనే ప్లాస్టిక్‌కు అది ఒక కంపెనీ పెట్టుకున్న పేరు. 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే కెమిస్టుకు అనుకోకుండా దొరికిన పదార్థం ఇది. కరగాలంటే దానికి 327 డిగ్రీల వేడి కావాలి. నాన్‌స్టిక్ పెనం మీద దాన్ని అతికించేది అంతకు మించిన వేడిలోనే. కారును ఆ వేడి దాకా తీసుకెళ్తే ముందు బంపర్లు కరిగిపోతాయి. కాబట్టి షోరూమ్ బాటిల్‌లో నిజంగానే టెఫ్లాన్ ఉన్నా అది ద్రవంలో తేలే పొడిగానే ఉంటుంది, పెనం మీద పట్టినట్టు పెయింటును పట్టుకోదు. ఆ సీసాలో పనిచేసేది మిగతా వ్యాక్సూ సిలికోనూ మాత్రమే. అదే పనిని మీరు ఇంట్లో సీలెంట్ (కృత్రిమ వ్యాక్స్) డబ్బాతో చాలా తక్కువ ఖర్చులో చేసుకోవచ్చు.

ఏది ఎలా పనిచేస్తుంది?

కార్నౌబా అన్నది ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద పేరుకునే మైనం. ఎండలో ఆకు లోపలి తేమ ఆరిపోకుండా కాపాడుకోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. సహజ మైనాల్లో బాగా గట్టిది, 82 నుంచి 86 డిగ్రీల దగ్గర కరుగుతుంది. శుద్ధ కార్నౌబాను గోటితో కూడా గీకలేం, ఇక పూయడం ఎక్కడ? అందుకే అందులో ద్రావకాలు, నూనెలు, వేరే మైనాలు కలుపుతారు. 'నూరు శాతం కార్నౌబా' అని డబ్బా మీద ఉంటే, లోపల వేసిన మైనం స్వచ్ఛమైనదని మాత్రమే అర్థం, డబ్బా అంతా మైనమే అని కాదు. ఆ మిశ్రమం శుద్ధ మైనం కంటే తక్కువ వేడికే మెత్తబడుతుంది. రోహిణి కార్తె ఎండలో నల్ల కారు బానెట్ 70 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి మన వేసవిలో కార్నౌబా నాలుగు నుంచి ఆరు వారాలు నిలిస్తే మంచిదే అనుకోవాలి. నలుపు, ముదురు ఎరుపు, నీలం రంగుల మీద అది తెచ్చే లోతైన నిగారింపు వేరు. దాన్ని ఇష్టపడేవాళ్లు నెలకోసారి ఓపికగా వేసుకుంటారు. తెల్ల కారు మీద మాత్రం ఆ తేడా కంటికి ఆనదు.

సీలెంట్ అంటే కృత్రిమ పాలిమర్లతో, సిలికోన్ రెసిన్లతో చేసిన వ్యాక్స్. ఎండకు కరగదు, షాంపూకు తొందరగా లొంగదు, చక్కగా వేస్తే మూడు నుంచి ఐదు నెలలు ఉంటుంది. కాలినైట్ 845 లాంటి కొన్నింటిలో కార్నౌబానూ పాలిమర్లనూ కలిపారు. కొత్త కారు కొన్న పదిమందిలో ఎనిమిది మందికి సీలెంటే సరిపోతుంది. ఇంతకంటే సూటిగా చెప్పాల్సింది లేదు.

సిలికా స్ప్రేలు ఈ మధ్య బాగా వచ్చాయి. కడిగిన తడి కారు మీద కొట్టి నీళ్లతో తోసేసేవి కొన్ని, ఆరిన కారు మీద కొట్టి తుడిచేవి కొన్ని. పావుగంట పని. ఒంటరిగా అయితే ఒకటి రెండు నెలలు నిలుస్తాయి. సీలెంట్ మీద నెలకోసారి కొడితే దాని ఆయుష్షు పెంచుతాయి.

సిరామిక్ కోటింగ్ వీటికి భిన్నం. పాలిసిలజేన్, సిలోక్సేన్ రసాయనాలు గాలిలోని తేమతో కలిసి గట్టిపడి క్లియర్ కోట్‌ను పట్టుకుంటాయి, కడిగితే పోవు. మందం సుమారు ఒక మైక్రాన్. దాని మీద రాసే 9హెచ్ చూసి వజ్రమంత గట్టిదని అనుకునేవాళ్లు చాలామంది. అది పెన్సిల్ గట్టితనం లెక్క. 9హెచ్ పెన్సిల్ ముక్కుతో తోసినా గీత పడలేదని అర్థం, అంతే. రోడ్డు దుమ్ములోని ఇసుక అంటే క్వార్ట్జ్, ఖనిజాల గట్టితనాన్ని చెప్పే మోస్ కొలతలో 7. గాజునే గీరేస్తుంది, సిరామిక్‌ను ఎందుకు వదులుతుంది? దుమ్ము మీద పొడిగుడ్డ పెట్టి రుద్దితే సిరామిక్ కారుకూ గీతలు పడతాయి.

సిరామిక్ వేయించేవాళ్లు అడగాల్సిన ముఖ్యమైన ప్రశ్న ఇంకొకటి ఉంది. కోటింగ్ కింద గీతలు ఇరుక్కుంటే ఏళ్ల తరబడి అలాగే కనిపిస్తాయి కాబట్టి చాలా స్టూడియోల్లో కొత్త కారునైనా ముందు మిషన్‌తో బఫింగ్ చేసేస్తారు. పెయింటు చూడకుండానే చేస్తారు, అది ప్యాకేజీలో భాగం. బానెట్ మీద, డోర్ల మీద లైటు వేయించి గీతలు ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. లేకపోతే బఫింగ్ వద్దని, కడిగి, క్లే (పెయింటుకు అంటిన మురికిని ఎత్తే మెత్తటి ముద్ద) చేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి నేరుగా కోటింగ్ వేయమని చెప్పండి. గీతలుంటే ఉన్నచోటే మెత్తటి పాలిష్ చేయమనండి, పనికి ముందూ తర్వాతా పెయింటు మందం కొలిచే థిక్‌నెస్ మీటర్ రీడింగు చూపించమనండి.

హైవే మీద ఎగిరొచ్చే కంకర రాళ్ల నుంచి ఇవేవీ కాపాడవు. దానికి పీపీఎఫ్ (పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్) ఒక్కటే మందు. 150 నుంచి 200 మైక్రాన్ల మందమున్న పాలీయురెథేన్ ఫిల్మ్ అది, అంటే మొత్తం పెయింటు కంటే మందం. రోజూ విజయవాడ, హైదరాబాద్ మధ్య తిరిగే కారుకు ముందు బంపరు, బానెట్ ముందు భాగం, అద్దాల వెనక డొప్పలకు వేయిస్తే చాలు. ఇంటి నుంచి ఆఫీసుకు తిరిగే కారుకు అంత ఖర్చు అనవసరం.

నీళ్ల సంగతి

వ్యాక్స్ ప్రకటనల్లో ఎప్పుడూ ఒకే బొమ్మ ఉంటుంది. నల్ల బానెట్ మీద ముత్యాల్లా నిలబడ్డ నీటి బొట్లు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, కానీ మన బోరు నీళ్లకు ఆ ముత్యాలే శత్రువులు. వ్యాక్స్ లేని పెయింటు మీద నీళ్లు పలచగా పరుచుకుని ఆరతాయి. వ్యాక్స్ ఉన్న పెయింటు మీద బొట్లుగా నిలబడతాయి. బొట్టు ఆరేటప్పుడు అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలన్నీ ఒక్కచోటికి చేరి తెల్లటి ఉంగరంలా అతుక్కుంటాయి.

లెక్క వేసి చూద్దాం. 1000 టీడీఎస్ ఉన్న బోరు నీళ్లలో లీటరుకు ఒక గ్రాము లవణం ఉంటుంది. కడిగాక కారు మీద పావు లీటరు నీళ్లు నిలిచి ఆరిపోయాయనుకుంటే పావు గ్రాము ఉప్పు పెయింటు మీద చేరినట్టే. వారానికోసారి అలా కడిగితే ఏడాదికి పదమూడు గ్రాములు. మొదట్లో ఆ మచ్చ తడిగుడ్డతో పోతుంది. ఎండలో పదిసార్లు కాగాక పోదు, క్లియర్ కోట్‌లోకి కొరుక్కుపోయి గుంట మిగులుతుంది. సిరామిక్ వేయించాక మచ్చలు ఎక్కువయ్యాయని చెప్పేవాళ్ల ఇబ్బంది చాలావరకు ఇదే. కోటింగ్‌లో లోపం ఉండదు, బొట్లు తుడవకుండా ఎండలో వదిలేశారు.

ఇళ్లలో ఆర్‌వో మిషన్ నుంచి బయటికి పోయే నీళ్లను బకెట్లో పట్టి కారు కడగడం చాలామందికి అలవాటు. నీళ్లు వృథా చేయకూడదన్న ఆలోచన మంచిదే, కానీ కారుకు మాత్రం అవి పనికిరావు. లోపలికి వెళ్లే నీళ్లు 600 టీడీఎస్ ఉంటే, లీటరు మంచినీళ్లకు మూడు లీటర్లు వదిలే మిషన్‌లో బయటి నీళ్లు 780 దాకా ఉంటాయి. లీటరుకు లీటరు మాత్రమే వదిలే మిషన్‌లో అయితే 1100 దాటుతాయి. వాటితో నేల తుడవండి, బాత్రూం కడగండి. కారుకు చివరి కడుగు మునిసిపల్ నీళ్లతో పెట్టండి. ఏసీ పైపు నుంచి పడే నీళ్లు ఇంకా మేలు. గాలిలోని తేమ చల్లబడి కారిన నీళ్లు కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. రెండు మూడు రాత్రుల నీళ్లు పడితే చివరి కడుగుకు సరిపడా ఒక బకెట్ అవుతుంది. దుమ్ము ఉంటుంది కాబట్టి గుడ్డలో వడకట్టి వాడుకోండి.

పడి రెండు మూడు రోజులైన మచ్చలకు తెల్ల వెనిగర్, ఏసీ నీళ్లు సమపాళ్లలో కలిపి, గుడ్డ ముంచి మచ్చ మీద ఒకటి రెండు నిమిషాలు ఉంచి, ఎత్తి, బాగా కడిగేయండి. రుద్దొద్దు. ఆ చోట వ్యాక్స్ కూడా బలహీనపడుతుంది కాబట్టి మళ్లీ ఒక పూత వేయాలి.

డెలివరీ రోజు, పూజ రోజు

షోరూమ్‌కు ముందే ఒక మాట చెప్పాలి: కారు మీద ప్లాస్టిక్ కవర్లు తీసి ఇస్తే చాలు, వాషింగూ పాలిషూ వద్దు. డెలివరీ హడావుడిలో ఒకే గుడ్డతో పది కార్లు తుడుస్తారు. కొత్త కారు మీద కనిపించే మొట్టమొదటి సాలెగూడు గీతలు చాలాసార్లు అక్కడివే. కారును నీడలో కాకుండా ఎండలోనే చూడండి, లేదా ఫోను టార్చి వెలుతురు ఏటవాలుగా వేసి చూడండి. ట్యూబ్‌లైటు కింద ఆ గీతలు కనపడవు.

తర్వాత పూజ. బానెట్ మీద పసుపుతో స్వస్తిక్, దాని మీద కుంకుమ బొట్లు, దండ. పసుపు తడిపి మెత్తగా రాస్తే ఏ ఇబ్బందీ లేదు. వేలికి ఉంగరం ఉంటే తీసి రాయండి. కారుకు వచ్చే నష్టం పూజలో ఉండదు, సాయంత్రం ఆరిపోయిన పసుపు కుంకుమలను పొడిగుడ్డతో దులపడంలో ఉంటుంది. ఎండిన కుంకుమ గరుకు పొడి. గుడ్డ కింద అది ఉప్పుకాగితంలా నడుస్తుంది, స్వస్తిక్ ఎక్కడుందో అక్కడే వంపు గీతలు శాశ్వతంగా మిగులుతాయి. మగ్గుతో నీళ్లు పోసి, ఐదు నిమిషాలు నానబెట్టి, మళ్లీ నీళ్లతోనే జార్చేయండి. గుడ్డ పని చివర్లో, అదీ తడిగా. తెల్ల కారు మీద లేత పసుపు ఛాయ మిగిలితే కంగారుపడి రుద్దకండి. పసుపులోని కర్‌క్యుమిన్ ఎండకు నిలవదు, నాలుగైదు రోజుల్లో తనంతట తానే వెలిసిపోతుంది. దండలో ఇనుప తీగ ఉందేమో చూసుకుని కట్టండి, తీగ కొన బానెట్ అంచున ఊగుతూ గీసే గీత లోతుగా పడుతుంది.

వీలైతే పూజకు ముందే ఒక పూత సీలెంట్ వేయడం మంచిది. పసుపు, గంధం ఏదీ పెయింటును నేరుగా అంటదు.

వేసే పద్ధతి

పొద్దున్నే ఎండ రాకముందు, నీడలో మొదలుపెట్టండి. చేతి వెనక భాగం బానెట్‌కు ఆనిస్తే చల్లగా తగలాలి. వేడి రేకు మీద వేస్తే ద్రావకం క్షణాల్లో ఎగిరిపోయి వ్యాక్స్ చారలుగా అతుక్కుంటుంది, తుడిచినా రాదు.

పది లీటర్ల బకెట్లు రెండు కావాలి. ఒకదానిలో కారు షాంపూ, రెండోదానిలో మంచినీళ్లు. గిన్నెలు తోమే సబ్బు, బట్టల పౌడరు వద్దు, అవి ఉన్న వ్యాక్స్‌ను లాగేస్తాయి. ముందు పైపుతో మట్టి అంతా జార్చేయాలి. చేతికి తొడుక్కునే మిట్ లేదా మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ షాంపూలో ముంచి, టాపు నుంచి కిందికి రావాలి. ఒక్కో డోరు అయ్యాక గుడ్డను మంచినీళ్ల బకెట్లో జాడించి మళ్లీ షాంపూలో ముంచాలి. డోర్ల కింది భాగం, బంపరు వెనక, చక్రాల పక్కన మట్టి ఎక్కువ కాబట్టి చివర్లో, వేరే గుడ్డతో. గుడ్డ కిందపడితే మళ్లీ ఉతికేదాకా వాడొద్దు. ఒక్క ఇసుక రేణువు చాలు.

ఆరబెట్టాక ఒక పల్చటి పాలిథిన్ కవరు చేతికి తొడుక్కుని బానెట్ మీద నెమ్మదిగా జరపండి. కవరు వేలి స్పర్శను పెంచుతుంది. గాజులా జారితే వ్యాక్స్‌కు వెళ్లిపోవచ్చు. ఇసుక చల్లినట్టు గరగరలాడితే పెయింటుకు ఇనుప రజను, తారు, సిమెంటు తుంపర్లు అంటుకున్నాయన్నమాట. కొత్త కారుకు కూడా ఇది మామూలే. ట్రక్కులోనో రైల్లోనో వచ్చి, యార్డులో వారాల తరబడి ఎండలో నిలబడ్డ బండి అది. అలాంటప్పుడు ఐరన్ రిమూవర్ కొట్టి రెండు మూడు నిమిషాలు ఉంచితే ఇనుము ఉన్నచోట ఊదారంగు ధారలు దిగుతాయి, ఆరకముందే కడిగేయాలి. ఇంకా గరుకుంటే మెత్తటి రకం క్లే తీసుకుని, అరచేతిలో బిళ్లగా ఒత్తి, షాంపూ నీళ్లు ధారాళంగా చల్లుతూ బరువు వేయకుండా జరపాలి. నలుపెక్కిన కొద్దీ మడిచి కొత్త ముఖం తేవాలి. నేలమీద పడిన క్లే చెత్తబుట్టకే. పొడిగా నడిపితే అదే గీతలు పెడుతుంది.

ఇక వ్యాక్స్. హ్యాచ్‌బ్యాక్ మొత్తానికి ద్రవ సీలెంట్ 15 నుంచి 20 మిల్లీలీటర్లు చాలు, ఎస్‌యూవీకి 30. అప్లికేటర్ ప్యాడ్ మీద రూపాయి బిళ్లంత వేసి సగం బానెట్ పూర్తి చేయాలి. పొర ఉందా లేదా అన్నట్టు కనిపించాలి. మందంగా పూస్తే ఎక్కువ రక్షణ వస్తుందనుకోవడం పొరపాటు, పెయింటుకు అంటిన పల్చటి పొరే పనిచేస్తుంది. పైన ఉన్నదంతా మీరు తుడిచి పారేసేదే. పొడిబారాక వేలితో చిన్న గీత లాగి చూడండి. వేలి దారి శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు, జిడ్డుగా పూసుకుంటే ఇంకాస్త ఆగాలి. వేసవిలో ఐదు నిమిషాలు, వానాకాలం తేమలో పావుగంట, ఇరవై నిమిషాలు పట్టొచ్చు. తుడిచే మైక్రోఫైబర్‌ను నాలుగు మడతలు వేస్తే ఎనిమిది ముఖాలు దొరుకుతాయి, ఒక్కో భాగానికి ఒక్కో ముఖం వాడండి. నల్ల ప్లాస్టిక్ భాగాలకు వ్యాక్స్ తగిలితే తెల్ల మరక పట్టి వదలదు, వాటి అంచులకు ముందే మాస్కింగ్ టేపు వేసుకోండి. చాలా సీలెంట్లకు పన్నెండు గంటలు నీళ్లు తగలకూడదు, మబ్బు పట్టిన రోజు పెట్టుకోవద్దు. మర్నాడు రెండో పూత వేస్తే మొదటిసారి వదిలేసిన చోట్లు నిండుతాయి.

మ్యాట్ ఫినిష్ కార్లకు ఈ పద్ధతి వర్తించదు. వాటికి మామూలు వ్యాక్స్, క్లే, పాలిష్ ఏవి తగిలినా అక్కడక్కడా మెరుపు మచ్చలు పడతాయి, వాటిని తీసే దారి లేదు. మ్యాట్ కోసమే చేసిన సీలెంట్ ఒక్కటే వాడాలి.

ఎవరికి ఏది

అపార్టుమెంటు సెల్లారులో ఉండి, రోజూ ఒక మనిషి వచ్చి తుడిచే కారుకు పెద్ద ప్రమాదం ఎండా కాదు, వానా కాదు, ఆ రోజువారీ గుడ్డే. ఒకే బకెట్, ఒకే గుడ్డ, ఇరవై కార్లు. ముందు కారు మట్టి మీ కారు మీద నడుస్తుంది. మూడు నెలలకోసారి సీలెంట్ వేయండి, దానికంటే ముందు మీ కారుకు వేరుగా రెండు మైక్రోఫైబర్ గుడ్డలు కొనివ్వండి. రోజూ వద్దు, వారానికి రెండుసార్లు నీళ్లు పోసి తుడిస్తే చాలని చెప్పండి. నెల జీతం మాత్రం తగ్గించకండి, లేకపోతే ఆ మాట నిలవదు. ఈ ఒక్క మార్పు ఏ సిరామిక్ కంటే ఎక్కువ పని చేస్తుంది.

చెట్టు కింద నిలిపే కారుకు వేరే బాధ. మామిడి పూత సమయంలో తేనెమంచు పురుగు విడిచే జిగురు కారంతా సన్నటి చుక్కలుగా పడుతుంది. అది చక్కెర పదార్థమే, నీళ్లకు కరుగుతుంది. వదిలేస్తే దాని మీద నల్లటి మసి బూజు పడుతుంది. పిట్టల రెట్ట ఇంకా చెడ్డది. ఎండకు పెయింటు వేడెక్కి మెత్తబడినప్పుడు రెట్ట ఆరి బిగుసుకుని దాన్ని లాగి పట్టేస్తుంది, ఆమ్లం తోడై గంటల్లోనే అచ్చు పడుతుంది. వ్యాక్స్ దీన్ని పూర్తిగా ఆపలేదు, మీకు కొన్ని గంటల వ్యవధి మాత్రం ఇస్తుంది. డిక్కీలో ఒక నీళ్ల సీసా, టిష్యూలు ఉంచుకోండి. తడి టిష్యూ దాని మీద ఐదు నిమిషాలు పరిచి, నానాక ఎత్తేయండి. ఇలాంటి కారుకు సీలెంట్, దాని మీద నెలనెలా సిలికా స్ప్రే సరిపోతాయి.

విశాఖ, కాకినాడ తీరంలో ఉప్పుగాలికి కూడా సీలెంటే. కానీ ఉప్పు ముందు దెబ్బతీసేది రేకు అంచులను, అడుగు భాగాన్ని, రాయి తగిలి పెయింటు లేచిన చోట్లను. అక్కడ వ్యాక్స్ పనిచేయదు. లేచిన చోట అదే వారంలో టచప్ పెయింటు పెట్టండి, అడుగున మంచినీళ్లతో కడిగించండి.

మీ కారును మీరే, వారం వారం, రెండు బకెట్లతో కడిగే అలవాటుంటే అప్పుడు ఏ వ్యాక్సైనా మీ ఇష్టమే. కార్నౌబా తెచ్చుకోండి, ముదురు రంగు మీద దాని అందం చూడండి.

మూడు నెలలు ఆగాలా?

కొత్త కారుకు మూడు నెలల దాకా వ్యాక్స్ వేయకూడదని ఇప్పటికీ చెబుతారు. ఫ్యాక్టరీ పెయింటుకు ఆ మాట వర్తించదు. అక్కడ క్లియర్ కోట్‌ను దాదాపు 140 డిగ్రీల ఓవెన్‌లో కాలుస్తారు, కారు గేటు దాటకముందే పెయింటు పూర్తిగా గట్టిపడి ఉంటుంది. డెలివరీ రోజునే వ్యాక్స్ వేయొచ్చు. ఆ మూడు నెలల మాట గ్యారేజీలో మళ్లీ వేసిన పెయింటు గురించి. రేకు మీద ప్లాస్టిక్, రబ్బరు, వైర్లు బిగించి ఉన్న కారును 140 డిగ్రీల్లో పెట్టలేరు కాబట్టి బాడీ షాపులో హార్డెనర్ కలిపిన పెయింటు వేసి సుమారు 60 డిగ్రీల బూత్‌లో ఆరబెడతారు, బూత్ లేనిచోట గాలికే ఆరనిస్తారు. అందులోని ద్రావకం ఇంకా కొన్ని వారాలపాటు మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. పైన సీలెంట్ బిగిస్తే అది లోపలే చిక్కుకుని పెయింటు మెత్తగా, మసకగా ఉండిపోతుంది. కాబట్టి బంపరు గుద్దుకుని పెయింటు వేయించాక ఆ ఒక్క భాగాన్ని మాత్రం 60 రోజులు వదిలేయండి, గాలికి ఆరబెట్టినదైతే 90 రోజులు. ముక్కు దగ్గర పెట్టి చూస్తే థిన్నర్ వాసన వస్తోందంటే ఇంకా సమయం కాలేదు. ఈలోపు కడగడానికి చల్లటి నీళ్లు, షాంపూ, మెత్తటి గుడ్డ తప్ప ఇంకేమీ తగలనివ్వకండి. మిగతా కారుకు వ్యాక్స్ వేస్తూ ఆ భాగం అంచు దగ్గర టేపు వేసుకుంటే సరిపోతుంది.